కత్తిపీట ఎత్తు

తెల్లవారి ఐదున్నరకే ఈశ్వరి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. తువ్వాలు ఉండలా చుట్టి కుడి మోకాలి కింద పెట్టుకుంది. మోకాలితో దాన్ని కిందికి నొక్కి పట్టి పది అంకెలు లెక్కపెట్టాలి, వదలాలి, మళ్ళీ నొక్కాలి. పూటకి ఇరవై సార్లు. చేయడంలో ఈశ్వరికి బద్ధకం లేదు గానీ, అంకెల దగ్గర మాత్రం కాస్త తొందరెక్కువ.

“ఆరు, ఏడు, తొమ్మిది, పది.”

“అత్తా, ఎనిమిదేటయినాది?” వంటింట్లోంచి కోడలు దుర్గ కేకేసింది.

“సముద్రంలో పడిపోయినాది. నీ టీ పొంగిపోతన్నాది, అది సూసుకో ముందు.”

అంతలో దిండు కింద ఫోను మోగింది. సాలూరు నుంచి నరసింగరావు వాయిస్ మెసేజీ. ముప్పై ఏళ్ళు లారీ క్లచ్ తొక్కి ఎడమ మోకాలు అరగ్గొట్టుకున్న మనిషి. “ఈశ్వరమ్మా, ఖైనీ మానీసి నాకివాల్టికి పంతొమ్మిది రోజులు. నువ్వు సెప్పు, సుట్ట ముట్టినావా?”

ఈశ్వరి ఫోను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా చెప్పింది. “ముట్నేదు బావూ. దానివైపు సూసినాను, అంతే. సూస్తే తప్పేటి?”

చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చడం ఆమెకి పెళ్ళయిన నాటి అలవాటు. పొగ మానకపోతే మోకాలి ఆపరేషన్ గాయం మానదమ్మా అని డాక్టరు మందలిస్తే ఒక్క నాడూ వినలేదు. తన మాదిరే కుంటుకుంటూ వచ్చిన నరసింగరావు “నేను ఖైనీ మానుతాను, నువ్వు సుట్ట మానుతావా?” అని ఆసుపత్రి బెంచీ మీద పందెం కాస్తే మాత్రం రోషం వచ్చింది. ఆపరేషన్‌కి ముందు పుచ్చిన పన్ను పీకించుకోవాలంటే కూడా భయపడి కూర్చున్న మనిషి, ఫోనులోని వాట్సాప్ గ్రూపులో అందరూ ధైర్యం చెబితే వెళ్ళి పీకించుకుని వచ్చింది.

ఆ గ్రూపు శ్రీకాకుళం ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అరుణశ్రీ పెట్టింది. పేరు ‘కొత్త మోకాళ్ళు’. ఆపరేషన్ అయినవాళ్ళు, కావలసినవాళ్ళు కలిపి తొమ్మిది మంది. అందరికీ పెద్దదిక్కు రాజాం దగ్గర వరి పండించే ఇంటి లక్ష్మణమ్మ. ఆవిడకి మోకాలు మార్చి ఆరు నెలలయింది. మెట్లెక్కుతూ, దిగుతూ, ఆయాసపడుతూనే మెసేజీలు పెడుతుంది, వినేవాళ్ళకి నమ్మకం కలగాలని.

ఈశ్వరి ఆపరేషన్ ఏప్రిల్ ఇరవై రెండున. పదిహేను నుంచి రెండు నెలలు సముద్రం మీద వేట బందు. బోటు ఒడ్డునుంటుంది, కొడుకు ధనరాజ్ ఇంట్లో ఉంటాడు, బజారుకి పోయే పనీ అంతగా ఉండదు. అన్నీ చూసుకునే ఆ తేదీ పెట్టించుకున్నారు.

అంతా బాగానే ఉంది గానీ ఈశ్వరి గుండెలో ఒక ముల్లు మిగిలిపోయింది. కోటబొమ్మాళి చేపల బజారులో బోరింగు పక్కన ఆమెకో చోటుంది. ముప్పై రెండేళ్ళుగా అదే చోటు. నేల మీద గోనె పరిచి, కుడి పాదంతో కత్తిపీట తొక్కిపట్టి, మోకాలు గడ్డం దాకా మడిచి కూర్చుంటే వంజరమైనా చందువైనా ఆమె చేతిలో చిటికెలో ముక్కలైపోయేది. ఆపరేషన్ అయ్యాక నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, నేల మీద మాత్రం కూర్చోకూడదని డాక్టరు చెప్పాడు. ఆమె బుద్ధిగా తల ఊపింది. ఇంటికొచ్చాక ఫోన్లో లక్ష్మణమ్మకి ఒక్కదానికే చెప్పుకుని ఏడ్చింది.

“అప్పా, మోకాలు కొత్తదొస్తాది గానీ నా సోటు పోతాది. నేల మీద కూకోనేని మనిషికి బజార్ల ఏటి పని?”

“ముందు మోకాలు సంగతి సూడవే సెల్లీ,” అని లక్ష్మణమ్మ నవ్వేసింది. “సోటు సంగతి మీ కోడలు సూసుకుంటాది.”

ఆ మాట ఈశ్వరికి అంతగా రుచించలేదు.

ఆ రోజు టీ తాగాక బజారుకి తను కూడా వస్తానంటే దుర్గ వద్దంది. “ఎందుకత్తా, ఆటో ఎక్కీటప్పుడు నొప్పి” అంటూ ఐసు పెట్టె ఎత్తించుకుని వెళ్ళిపోయింది. ఈశ్వరి ఇంట్లో గంటసేపు కూర్చుంది. తర్వాత ఉండబట్టలేక చేతికర్ర పుచ్చుకుని సర్వీసు ఆటో ఎక్కింది.

వెళ్ళేసరికి చోటు ఖాళీగా ఉంది. దుర్గ ఐసుకి వెళ్ళిందట. పక్క గోనె మీది చిన్నతల్లి ఈశ్వరిని చూడగానే మొహం చేటంత చేసుకుంది.

“వచ్చినావేటే? నిన్న ఇక్కడ గొప్ప కొలతలు జరిగినాయి. వెల్డింగు గోవింద్ టేపట్టుకుని వచ్చినాడు. మీ కోడలు దగ్గరుండి నీ సోటంతా కొలిపించినాది. ఒకలికి కాదు, ఇద్దరు కూకునేంత.”

చిన్నతల్లికి ఈ మాట చెప్పడంలో తృప్తి ఉంది. దానికి కారణమూ ఉంది. కిందటేడు నడుం నొప్పని ఆమె చిన్న స్టూలు తెచ్చుకుని కూర్చుంటే “ఓలమ్మో, మారాణి గద్దెక్కినాది!” అని బజారంతా నవ్వించింది ఈశ్వరే. మూడో నాటికి చిన్నతల్లి ఆ స్టూలు ఇంటికి మోసుకుపోయింది.

ఈశ్వరి దుర్గ కోసం ఆగలేదు. అదే ఆటోలో తిరిగొచ్చి, సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా ముట్టకుండా అరుగు మీద కుర్చీలో కూర్చుంది. వల బాగుచేసుకుంటున్న ధనరాజ్ రెండుసార్లు అన్నానికి పిలిచి ఊరుకున్నాడు.

దుర్గ వచ్చి ఖాళీ పెట్టె దింపిందో లేదో ఈశ్వరి అందుకుంది.

“నేను ఆసుపత్రికి ఎల్లను. డాక్టరుకి ఫోన్ సేసి సెప్పీండి.”

“ఏటయినాదత్తా?”

“ఏటయినాదా? నేనింకా మంచమెక్కనేదు, కోత కొయ్యనేదు, అప్పుడే నా సోటు టేపెట్టి కొలిపించినావా? నన్నక్కడికి పంపీసి నువ్వొక్కద్దానివే కాల్లు సాపుకుని కూకుందావనా?”

“అమ్మా, అదికాదు...” అన్నాడు ధనరాజ్.

“నువ్వాగు!” అన్నారు అత్తాకోడళ్ళు ఒక్క గొంతుతో. అతను మళ్ళీ వలలో తల దూర్చాడు.

దుర్గ మొహం ఎర్రబడింది. పొద్దుట్నుంచి చేపలతో వేగిన మనిషి. ఓపిక అడుగంటింది. గబుక్కున అరుగు మీద కూర్చుని చీర మోకాలి పైకి లాగింది. ఎడమ మోకాలికి బిగించి కట్టిన సాగే పట్టీ ఉంది. ఈశ్వరి కుడి మోకాలికి ఉన్నటువంటిదే.

“సూడు. నాకు ముప్పై అయిదేల్లత్తా. పదకొండేల్లు నీ పక్కన అలగే కూకున్నాను. ఆటో దిగీటప్పుడు నా కాలు ఎలగుంటాదో నీకెప్పుడైనా తెలిసినాదా?”

ఈశ్వరి వంగి ఆ పట్టీని వేలితో తడిమింది. “మరి సెప్పనేదేటే?” అంది నెమ్మదిగా.

“ఎవలికి సెప్పాలి? సిన్నతల్లి స్టూలు తెచ్చుకుంటే నువ్వేటన్నావు? నాకూ అదే పేరెట్టీద్దువు.” దుర్గ కళ్ళు తుడుచుకుంది. “గోవింద్ సేత ఇనప బల్ల సేయిస్తన్నాను. దాని మీద కత్తిపీట బిగిస్తాడు, ఎనకాల ఎత్తు పీట. కొత్త మోకాలోలు కూకోడానికి ఎంతెత్తుండాలో లక్ష్మణమ్మప్పని అడిగి రాయించుకున్నాను. ఇద్దరికని కొలిపించినాను. నువ్వొక పక్క, నేనొక పక్క.”

“నాకోసమేనా?”

“అబద్దమెందుకు, నాకోసం కూడా. ఆ సోటు నాకూ కావాలత్తా. గానీ నువ్వు నేకుండా కాదు. బేరం సెప్పడం నాకిప్పటికీ రాదు. కానాగంత సేపలకి నేనో రేటు సెప్తే, జనం నీకేసి సూసి నవ్వుతారు.”

ఈశ్వరికి ఆ పిల్ల కాపురానికొచ్చిన మొదటి వారం గుర్తొచ్చింది. కూర్చోవడం రాక పక్కకి ఒరిగిపోతుంటే తనే చేత్తో మోకాలు పట్టి మడిచి, “ఇలగ గడ్డానికానించాలే” అని నేర్పింది. నేర్పినందుకు ఎంత గర్వపడింది! అటు తర్వాత తన మోకాలు నొప్పెడితే ఊరంతా చెప్పుకుంది గానీ, పక్కనున్న మోకాలి వంక ఒక్కసారి చూడలేదు. సిగ్గూ, జాలీ కలిసి ఆమెకి ఏడుపొచ్చేసింది.

కర్ర ఊతంగా లేచి లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చింది. దాన్ని ఉండలా చుట్టి కోడలి మోకాలి కింద తనే దూర్చింది.

“నొక్కు.”

“ఇప్పుడెందుకత్తా...”

“నొక్కవే. నేను లెక్కెడతాను. ఒకటి... రెండు... మూడు...”

ఈశ్వరి ఈసారి తొందరపడలేదు. ఒక్కో అంకె విడిగా పలికింది. ఏడు దగ్గర ఆగి, కోడలి మొహంలోకి చూసి, “ఎనిమిది” అంది. దుర్గ ఏడుస్తూనే నవ్వేసింది. వల పక్కన కూర్చున్న ధనరాజ్ కూడా నవ్వాడు గానీ పైకి వినిపించనివ్వలేదు.

ఆ పూట అన్నాలయ్యాక ఈశ్వరి అరుణశ్రీకి ఫోను చేసింది. “అమ్మా, నాతోపాటు మా కోడలిని కూడా డాక్టరుకి సూపిస్తాను. ఇంకా పిల్లది, కోతదాకా ఎల్లకుండా ఆపాల.” మరీ అరిగిపోకుండా ఇప్పుడే పట్టుకుంటే చాలావరకు వ్యాయామంతో, కూర్చునే పద్ధతితో అదుపులో ఉంటుందని అరుణశ్రీ ధైర్యం చెప్పింది.

వేట బందుకి ముందు రోజు, పద్నాలుగున, బల్ల వచ్చింది. గోవింద్ ఆకుపచ్చ రంగు వేశాడు. బోరింగు పక్కన దాన్ని దింపగానే బజారు బజారంతా పని ఆపి చూసింది. ఈశ్వరి కర్ర దుర్గ చేతికిచ్చి ఎత్తు పీట మీద కూర్చుంది. రెండు పాదాలూ నేలకి సమంగా ఆనాయి. కత్తిపీట కరెక్టుగా చేతికిందకి వచ్చింది. ఒక కానాగంత తీసి తల కోసి, పొట్ట తీసి పక్కన పడేసింది. చెయ్యి ఏమీ మరిచిపోలేదు.

“ఏటే ఈశ్వరీ,” అంది చిన్నతల్లి నడుం పట్టుకుని లేస్తూ, “మారాణి గద్దెక్కినాదా?”

అందరూ గొల్లుమన్నారు. ఈశ్వరి కూడా నవ్వింది.

“ఎక్కినానే. ఒక్కద్దాన్నే కాదు, ఇద్దరం.” దుర్గని చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. “నీ స్టూలు కూడా మల్లీ తెచ్చుకో సిన్నతల్లీ. అప్పుడలగనడం నాదే తప్పు. ఈసారి ఎవలైనా నవ్వితే నాకు సెప్పు.”

చిన్నతల్లి తన గిన్నెలోంచి రెండు రొయ్యలు తీసి ఈశ్వరి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

బేరాలు సద్దుమణిగాక ఈశ్వరి చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. పక్కన దుర్గ ఎవరితోనో గట్టిగా బేరమాడుతోంది. రేటు తప్పే చెబుతోంది. అయినా ఈశ్వరి సరిదిద్దలేదు.

“లక్ష్మణమ్మప్పా, నేను ఈశ్వరిని. నా సోటు ఎక్కడికీ పోనేదు. ఇరవై రెండుకి ఎల్లి మోకాలు తెచ్చుకుంటాను.”