చెర్రీ చెట్టుకి కట్టిన సోర్స్ కోడ్

ఎల్వీరా నోరు పూర్తిగా తెరిచాక గాని డెంటిస్టు ఆమె పేరు చదవలేదు.

కంప్యూటర్ వైపు ఒకసారి, ఆమె మొహంలోకి ఒకసారి చూశాడు. తర్వాత ఏ తొందరా లేనట్టు రెండు దూది ఉండలు తీసి ఆమె రెండు బుగ్గల్లోనూ కూరాడు.

"ఎల్వీరా లిండ్‌మార్క్. మాల్మోలో ఫీర్‌బోక్ అనే ఆటల కంపెనీ. నువ్వేనా? అవునంటే ఒక ఊఁ, కాదంటే రెండు."

"ఊఁ," అంది ఎల్వీరా.

"మా ఆటని విప్పి బాగుచేసే పని మాను, నీ సైటు మూసెయ్ అని నాకు నోటీసు పంపింది నువ్వే కదా?"

ఆ మాటలు లాయరువనీ, తను సంతకం మాత్రమే పెట్టాననీ చెప్పాలనుకుంది. దూది ఒప్పుకోలేదు.

"ఊఁ."

"దాన్ని ఫ్రేము కట్టించి బయట గోడకి తగిలించాను. పిల్లల పేషెంట్లు దాన్ని చూసి భయపడి బుద్ధిగా కూర్చుంటున్నారు."

లాలాజలం లాగే గొట్టం పట్టుకున్న నర్సు మయ్-బ్రిట్ నిట్టూర్చింది. ఆమె డెంటిస్టు ఈవర్‌కి పెద్దమ్మ కూడా కావడంతో క్లినిక్‌లో ఎవరికీ భయపడదు. "ఈవర్, ముందు ఆ పిల్లకి నొప్పెక్కడో అడుగు."

"నొప్పి పంటిలో కాదు పెద్దమ్మా," అన్నాడు ఈవర్ బ్రోమన్ చిన్న అద్దం లోపలికి పెడుతూ. "వాళ్ల ఆట నడవడం లేదు. అదీ నొప్పి."

అన్నది అక్షరాలా నిజం. అందుకే ఎల్వీరా లేని పంటినొప్పి తెచ్చుకుని, మాల్మో నుంచి ఊదారంగు రైలెక్కి, వానలో తడుస్తూ ఈస్టాడ్ దాకా వచ్చింది. మామూలుగా అడిగితే ఈ మనిషి తలుపు తీయడని ఆమెకు తెలుసు. మూడు మెయిళ్లు పంపితే మూడింటికీ ఒక పన్ను బొమ్మ మాత్రమే జవాబుగా వచ్చింది.

ఫీర్‌బోక్‌ని నిలబెట్టిన ఆట 'ఉప్పు రేవు'. ఒక లైట్‌హౌస్ కాపలాదారు, అతని పడవ, తల మీద తిరిగే తెల్లని సముద్రపు కాకులు. పాతికేళ్ల కిందట ఆ దేశంలో అది ఆడని పిల్లలు లేరు. ఇప్పుడు దాన్ని కొత్త కంప్యూటర్ల కోసం మళ్లీ విడుదల చేస్తామని కంపెనీ ఊరంతా చాటింది. పంపిణీదారు ఒప్పుకున్నాడు, తేదీ పడింది. ఈ ఆట నడవకపోతే ఫీర్‌బోక్ తలుపులకి తాళం పడుతుంది. ఎల్వీరాతో పాటు అక్కడున్న అందరూ వేరే పని వెతుక్కోవాలి.

చిక్కల్లా ఒక్కటే. ఆటకి మూలమైన రాత, సోర్స్ కోడ్, పోయింది.

దూది తీసిన వెంటనే ఎల్వీరా ఆ సంగతి చెప్పేసింది. ఈవర్ నమ్మలేదు. ఎలా పోయిందని అడిగాడు. ఆమె కుర్చీలోంచి లేచి, చెప్పాలా వద్దా అని ఆలోచించి, ఇక పరువెందుకులే అనుకుని చెప్పింది. ఆఫీసు మారినప్పుడు యజమాని రాగ్నార్ ఆ సీడీల పెట్టెను తన వేసవి ఇంట్లో దాచాడు. పక్షులు చెర్రీ పళ్లు తినేస్తున్నాయని ఆయన భార్య ఆ సీడీలను ఒక్కొక్కటిగా దారాలకి గుచ్చి చెట్టుకి కట్టేసింది. గాలికి తిరుగుతూ, ఎండకి మెరుస్తూ, వానకి తడుస్తూ అవి ఎన్నో ఏళ్లు పక్షుల్ని బెదిరించాయి. ఇప్పుడు వాటిలో మొహం చూసుకోవచ్చు, అంతే.

ఈవర్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, మాస్కు లాగేసి, చక్రాల కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. మాస్కు లేని ఆ మొహాన్ని ఎల్వీరా అప్పుడే చూసింది. ఎడమ బుగ్గ మీద సొట్ట ఉంది. ఇంతసేపూ తిట్టింది ఈ మొహమేనా అనుకుంది.

"నీకు నిజంగానే ఒక పన్ను పుచ్చింది," అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ. "వెనక దవడలో. శనివారం రా. పన్నూ పూడుస్తాను, ఆటనీ పూడుస్తాను. కాని ఒక షరతు."

ఆట చివర్లో పనిచేసినవాళ్ల పేర్లు పైకి వెళ్తాయి. ఆ వరుసలో తన పేరుండాలి. చిన్న అక్షరాలైనా ఫరవాలేదన్నాడు. ఎందుకంత పట్టుదల అని ఎల్వీరా అడిగితే, పదకొండేళ్లప్పుడు ఆ ఆటలో పడవ జలసంధి మధ్యలోకి వెళ్లగానే తమ ఇంటి కంప్యూటర్ బిగుసుకుపోయేదన్నాడు. కంపెనీకి ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. ఆ పడవ అవతలి ఒడ్డు చూడాలనే ఈ పనంతా నేర్చుకున్నాడు.

"చూశావా ఒడ్డు?"

"పదిహేడో ఏట చూశాను. కూలిన ఒక గోడ, ఒక మేక. అయినా ఏడ్చాను."

ఎల్వీరా మాటిచ్చింది.

ఆ తర్వాత శనివారాలన్నీ ఈస్టాడ్‌లోనే గడిచాయి. క్లినిక్ వెనక గదిలో, పళ్ల అచ్చుల మధ్య, ఇద్దరూ ఒక తెర ముందు కూర్చునేవాళ్లు. వంట పద్ధతి రాసిన కాగితం పోతే, తయారైన కేకును ముక్కముక్కగా విప్పి, గుడ్డెక్కడుంది, చక్కెరెంత పడింది అని కనుక్కోవడం లాంటి పని అది. ఈవర్ దాన్ని ఏళ్లుగా చేస్తున్నాడు. ఎల్వీరా నేర్చుకుంది. నేర్చుకున్నకొద్దీ అతని తప్పులు పట్టుకుంది. పట్టుకున్నకొద్దీ అతను ఆమె కాఫీలో చక్కెర ఎక్కువేశాడు, పళ్లు పాడైతే మళ్లీ రావాల్సొస్తుందని.

మయ్-బ్రిట్‌కి శనివారాలు సెలవు. అయినా ప్రతివారం ఏదో మరిచిపోయానని వచ్చేది. వచ్చినప్పుడల్లా దాల్చినచెక్క బన్నులు పట్టుకొచ్చేది. ఒకసారి గుమ్మంలో ఆగి, ఈ ఊళ్లో ఇంత సుదీర్ఘంగా పన్ను పూడ్చడం తనెప్పుడూ చూడలేదంది.

వేసవి చివర్లో పని అయిపోయింది. ఒకే గొడుగు కింద స్టేషన్ దాకా నడిచారు. గొడుగు ఈవర్‌దే అయినా అతని కుడి భుజం పూర్తిగా తడిసింది. ఎల్వీరా గమనించి దగ్గరికి జరిగింది. అతను ఏదో చెప్పబోయాడు. "ఎల్వీరా, వచ్చే శనివారం నుంచి నీకు ఇక్కడ పనుండదు కదా..."

రైలొచ్చింది. ఆ దేశంలో రైళ్లు ఎప్పుడూ ఆలస్యమే. ఆ ఒక్కరోజు మాత్రం సరిగ్గా సమయానికి వచ్చింది.

విడుదలకి ముందు రాగ్నార్ పేర్ల వరుస చూసి గొణిగాడు. సొంత ఆటను బాగుచేయడానికి డెంటిస్టుని పెట్టుకున్నామని లోకానికి చెప్పాలా అన్నాడు. మాటిచ్చానని ఎల్వీరా కుండబద్దలు కొట్టింది. రాగ్నార్ తలూపాడు. విషయం తేలిపోయిందనుకుంది.

విడుదల రోజు మాల్మో పాత ఓడల షెడ్డు నిండిపోయింది. రేకుల మీద వాన మోగుతోంది. తెల్ల పక్షి టోపీలు పెట్టుకున్న అభిమానులు, విలేకరులు, మొదటి వరుసలో పంపిణీదారు. అతని పక్కనే ఇస్త్రీ చొక్కాలో ఈవర్, కొత్త టోపీలో మయ్-బ్రిట్. ఎల్వీరా వేదిక మీదికెళ్లి ఆట మొదలుపెట్టింది.

పెద్ద తెర మీద లైట్‌హౌస్ వెలిగింది. హాలంతా చప్పట్లు. ఒక సముద్రపు కాకి ఎగిరింది. ఇంకోటి. ఇంకో పది. తర్వాత ఆకాశం కనిపించలేదు. లైట్‌హౌస్ కనిపించలేదు. కాపలాదారు టోపీ మాత్రం కాసేపు కనిపించి, అదీ రెక్కల కింద మునిగిపోయింది. స్పీకర్లలో కేకలకి మయ్-బ్రిట్ చెవులు మూసుకుంది.

రాగ్నార్ వేదిక పక్కకొచ్చి చెవిలో అన్నాడు. "కరెంటు సమస్య అని చెప్పు, ప్లగ్గు తీసేస్తాను. ఇది నీ డాక్టరు పనే. కావాలనే పెట్టాడు."

నోటీసుకి ప్రతీకారమా? ఇన్ని శనివారాలూ ఇందుకేనా? ఆమె ఈవర్ వైపు చూసింది. అతను అప్పటికే లేచి వేదిక అంచుకి వస్తున్నాడు. మొహంలో సొట్ట లేదు.

"నా పేరు తీసేశావా?" అన్నాడు నెమ్మదిగా.

"లేదు."

"పేరుంటే ఇన్ని పక్షులు రావు."

ఆమెకి అప్పుడర్థమైంది. రాగ్నార్ వైపు తిరిగింది. ఆయన తన బూట్లు చూసుకుంటున్నాడు.

"ఒక్క పేరేగా," అన్నాడాయన. "బ్యాక్‌స్పేస్ కొట్టాను."

ఎల్వీరా, ఈవర్ ఒకేసారి కళ్లు మూసుకున్నారు. ఇలా విప్పి అతికిన ఆటలో అక్షరాలన్నీ రైల్లో సీట్లలాంటివి. ఒక పేరు వద్దనుకుంటే ఆ సీట్లు ఖాళీగా ఉంచాలి. చెరిపేస్తే వెనకున్న వాళ్లంతా ముందుకు జరిగి పక్కవాళ్ల సీట్లలో కూర్చుంటారు. పక్షులు ఎన్నుండాలో చెప్పే చోటికి సముద్రం లోతు అంకె వచ్చి కూర్చుంది.

"ఆయన చేశాడు, నేను కాదు," అంది ఎల్వీరా.

"ఎవరు చేస్తేనేం. ఉత్తరానికి జవాబివ్వని కంపెనీయే కదా ఇది." ఈవర్ కోటు వేసుకుని తలుపు వైపు నడిచాడు.

మైకు ఎల్వీరా చేతిలో ఉంది. పంపిణీదారు గడియారం చూసుకుంటున్నాడు. కరెంటు సమస్య అనేస్తే ఉద్యోగం, కంపెనీ ఎలాగో నిలబడతాయి. ఆ వెళ్తున్న కోటు మాత్రం మళ్లీ రాదు.

"కరెంటు బాగానే ఉంది," అంది మైకులో. "లేనిది మా సోర్స్ కోడ్."

చెర్రీ చెట్టు కథంతా చెప్పేసింది. ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు, ఆ తర్వాత నవ్వుల్లో రేకుల మీది వాన వినిపించలేదు. ఆమె ఆగలేదు. ఈ ఆటను బతికించింది ఈవర్ బ్రోమన్ అనీ, అతనికి నోటీసు పంపింది తనేననీ, ఈ పూట అతని పేరు తీసేసిన కంపెనీ తనదేననీ చెప్పింది.

"ఈవర్, వెళ్లేదుంటే వెళ్లు. ఆ పడవ ఒడ్డు చేరడం చూసి వెళ్లు."

అందరూ చూస్తుండగానే ఫైలు తెరిచి, శనివారాలు నేర్పిన వేళ్లతో అతని పేరు ఒక్కో అక్షరం తిరిగి పెట్టింది. మళ్లీ నడిపింది.

పక్షులు. ఇందాకటి కంటే ఎక్కువ.

ఎక్కడ తప్పింది? అక్షరాలన్నీ ఉన్నాయి. రాగ్నార్ ప్లగ్గు వైపు వెళ్తున్నాడు.

తలుపు దగ్గర్నుంచి గొంతు వినిపించింది. పేషెంటు తప్పు పన్ను చూపిస్తే డాక్టరు మాట్లాడే గొంతు.

"పేరుకీ ఇంటిపేరుకీ మధ్య ఖాళీ. అదీ ఒక సీటే."

ఆమె ఖాళీ మీట ఒక్కసారి నొక్కింది. మళ్లీ నడిపింది. లైట్‌హౌస్ వెలిగింది. ఒకే ఒక్క పక్షి బద్ధకంగా తెర దాటింది. పడవ జలసంధి మధ్యకొచ్చింది, ఆగలేదు, అవతలి ఒడ్డుకి తగిలింది. కూలిన గోడ, మేక. పక్షి టోపీల వాళ్లు కుర్చీలెక్కారు. పంపిణీదారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఆ పక్షుల తుఫాను కూడా ఆటలో ఎక్కడో ఉంచితే బావుంటుందన్నాడు.

ఈవర్ కోటు విప్పేసి ఉన్నాడు.

ఫీర్‌బోక్‌లో ఒక ఆచారముంది. ఆటను చెడగొట్టినవాళ్లు సోమవారం కాఫీ వేళకి అందరికీ కేకు తేవాలి. యజమానికీ మినహాయింపు లేదు. రాగ్నార్ తెచ్చిన కేకు బల్లంత ఉంది, పైనంతా చెర్రీలు.

"ఇందులో ప్రతి పండూ మన సోర్స్ కోడ్ కాపాడిందే," అన్నాడాయన గంభీరంగా. తర్వాత మొదటి ముక్క ఈవర్‌కిచ్చి, పాతికేళ్ల ఆలస్యంగా ఉత్తరానికి క్షమాపణ చెప్పాడు. గోడ మీది ఆ నోటీసు తీసేస్తావా అని కూడా అడిగాడు. తీయనన్నాడు ఈవర్. కింద ఉన్న సంతకం తనకి నచ్చిందట.

ఎల్వీరా అతన్ని కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. బయట వాన. గాజు మీద జారే చుక్కల్ని చూస్తూ అతను గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజు స్టేషన్లో నేను..."

"నోరు తెరువు."

అలవాటు లేని ఆజ్ఞకి బిత్తరపోయి తెరిచాడు. ఆమె పెద్ద కేకు ముక్క ఒకటి కూరింది. ఖాళీ ఇంకా ఉందనిపించి ఇంకొకటి కూరింది. రెండు బుగ్గలూ నిండాయి.

"ఇప్పుడు నేను మాట్లాడతాను, నువ్వు విను. వచ్చే శనివారం నాకు ఈస్టాడ్‌లో పనేమీ లేదు. ఆ పై శనివారమూ లేదు. నా పళ్లన్నీ బాగున్నాయి. అయినా వస్తాను. పని లేకుండా వస్తాను. నువ్వంటే నాకిష్టం కాబట్టి వస్తాను. రావచ్చా? అవునంటే ఒక ఊఁ, కాదంటే రెండు."

ఈవర్ ఆమెను చూశాడు. ఎడమ బుగ్గ నిండా కేకున్నా సొట్ట పడింది.

"ఊఁ."

ఒకటి, అని లెక్కపెట్టింది ఎల్వీరా. వెనక రాగ్నార్ చెంచా గాల్లోనే ఆగిపోయింది. కాఫీ యంత్రం దగ్గరున్న వాళ్లంతా ఇటు తిరిగారు.

ఈవర్ నమిలాడు. తాపీగా, ఇంకొంచెం తాపీగా నమిలాడు. పెదవులు విప్పబోయినట్టు చేసి, మూసుకుని, మళ్లీ నమిలాడు.

రెండో ఊఁ రాలేదు.