బోణీ బేరం

"మాస్టారిని చంపబోతున్నారు," అన్నాడు చీఫ్, టీ చల్లారిందని చెప్పినంత మామూలుగా. "రేపు, పాతసామాన్ల సంతలో. ఎలాగన్నది మన సోర్స్ చెప్పేలోపే వాణ్ణి ముగించేశారు."

ఏజెంట్ గొళ్ళెం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఒకసారి పడితే ఊడడని డిపార్ట్‌మెంట్ అతనికిచ్చిన కోడ్‌నేమ్ అది.

మాస్టారంటే దేశపు రహస్య సందేశాలకు సైఫర్ అనే గుప్తలిపి తయారుచేసే లెక్కల పెద్దమనిషి. అది ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. సెక్యూరిటీ అంటే ఆయనకు ఒళ్ళుమంట. ఏటా ఆ సంతకు ఒంటరిగా వెళ్తాడు. పాత గడియారం కనబడితే కీ ఇచ్చి చూడందే అక్కణ్ణించి కదలడు.

"మీరిద్దరూ మొగుడూ పెళ్ళాలు. కొత్తగా దుకాణం పెట్టారు," అన్నాడు చీఫ్. "డేంజర్ అనిపిస్తే 'చిల్లర లేదు' అని అరవండి. మనవాళ్ళు చుట్టుముడతారు."

పక్కనే కూర్చున్న ఏజెంట్ నెమలి నవ్వింది. ఆ నవ్వుకు ఎందరో విదేశీ రాయబారులు నోరు జారారు. ఆమెకు పని నేర్పింది గొళ్ళెమే. తన ప్రాణాన్ని కళ్ళు మూసుకుని ఎవరి చేతిలోనైనా పెట్టమంటే ఆమె చేతిలోనే పెట్టేవాడు.

మర్నాడు పొద్దున్నే పెట్టుడు మీసంతో, చొక్కా గుండీలో మైక్రోఫోన్‌తో అతను సంతకు చేరాడు. ఆఫీసు స్టోర్స్ వాళ్ళిచ్చిన పెట్టె విప్పితే ఇత్తడి దీపాలు, సిరాబుడ్లు, అరడజను టేబుల్ గడియారాలు, అన్నీ నల్లగా మసిబారి ఉన్నాయి. ఇలాంటివి ఎవడు కొంటాడనుకుని పాలిష్ డబ్బా తెచ్చి, ముక్కు మీద చెమట కారుతున్నా ఆగకుండా అన్నిటినీ తళతళలాడేలా తోమాడు.

పక్క బల్ల మీద తుప్పు తాళాలు పేర్చుకుంటున్న ముసలావిడ చూసి నెత్తి కొట్టుకుంది. సంతంతా ఆవిణ్ణి తాళాల పెద్దమ్మ అంటారు.

"ఎవరు తోమమన్నారు నాయనా? ఆ నలుపుకే కదా ఇక్కడ గిరాకీ! ఇవి నిన్న బజార్లో కొనుక్కొచ్చినట్టున్నాయి."

గొళ్ళేనికి గుండె జారింది. వేషం మొదట్లోనే బెడిసికొట్టింది. తనను చూడగానే హంతకుడికి అనుమానం వస్తుంది, దారి మార్చేస్తాడు, మాస్టారి ప్రాణం తన తెలివితక్కువతనానికి బలైపోతుంది.

అంతలో నల్ల కళ్ళద్దాలు, సెంటు ఘుమఘుమలతో నెమలి వచ్చింది. బల్ల చూసి మొహం పాలిపోయింది.

"అన్నీ తోమేశారా?"

"ఒక్కటి కూడా వదల్లేదు."

ఆమె ఏదో అనబోయి మానేసింది. తన నిర్వాకానికి తిట్టడానికి కూడా మాటలు రాలేదనుకుని అతను మరింత కుంగిపోయాడు.

పెద్దమ్మకే జాలేసింది. "పోనీలే, మొదటిసారి కదా! బోణీ బేరాన్ని మాత్రం వదులుకోకు. ఎంతకడిగితే అంతకిచ్చెయ్."

గేట్లు తీశారు. వచ్చినవాళ్ళు బల్ల చూసి ముసిముసిగా నవ్వుకుని వెళ్ళిపోతున్నారు.

"ఏమండీ, మొహం ఎలా పీక్కుపోయిందో చూడండి," అంది నెమలి. "టీ తాగి రండి. నేనున్నాగా!"

ఆ చివరి మాటకే కాస్త ధైర్యం వచ్చింది. వెళ్ళాడు. గ్లాసు చేత్తో పట్టుకుని తిరిగొచ్చేసరికి బల్ల ముందు మాస్టారున్నాడు. ఎడమచేతిలో ఒక గడియారం, కుడిచేతిలో దాని కీ. కీ అప్పుడే రంధ్రంలోకి దిగుతోంది.

గొళ్ళెం చూపు ఆ గడియారం మీద పడింది. మసిబారి, సందుల్లో మురికి పేరుకుని, ముచ్చటైన పాతగడియారం. చుట్టూ ఉన్నవన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి.

ఒకటి మరిచిపోయానా? లేదు. ఇంకా నల్లగానే ఉన్న తన వేళ్ళు చూసుకున్నాడు. అది తన గడియారం కాదు. తను వెళ్ళాక బల్ల దగ్గరున్నది ఒక్క మనిషే.

గ్లాసు వదిలేసి మాస్టారి మణికట్టు పట్టుకున్నాడు.

"ఇది అమ్మను!"

"అమ్మనివాడివి బల్ల మీద ఎందుకు పెట్టావయ్యా?" మాస్టారు కసురుకున్నాడు.

"తిప్పనివ్వండి, ఏమండీ," అంది నెమలి మెల్లగా. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ కొన తొంగిచూస్తోంది.

"నువ్వా?"

"ఎవర్నీ నమ్మొద్దని నేర్పింది మీరేగా!"

"చిల్లర లేదు!" అని అరిచి బల్లగుడ్డ ఒక్క గుంజు గుంజాడు. ఇత్తడంతా ఆమె మీద పడింది. ఆమె పేల్చిన గుండు గురితప్పి సిరాబుడ్డిని చీల్చుకుపోయింది. బొమ్మలు బేరమాడుతున్న ఇద్దరు, పుస్తకాలు తిరగేస్తున్న ఒకడు ఒక్కసారిగా ఆమె మీదికి దూకారు.

భూతద్దంలో చూస్తే కీ అంచున వెంట్రుకంత సూది. తిప్పితే వేలికి గుచ్చుకుంటుంది. దాని మొనకు విషం.

బేడీలు పడ్డాక నెమలి కళ్ళద్దాలు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "మీ బల్ల చూసినప్పుడే అనుకున్నాను, ఈ మెరుపుల్లో నా నల్ల గడియారం దాగదని. వెనక్కి తగ్గితే వాళ్ళు నన్ను బతకనివ్వరు."

"నాతో ఒక్క మాట చెప్పుండాల్సింది," అన్నాడతను. ఆమె తలొంచుకుని జీప్ ఎక్కింది. మాస్టారు బతికాడు, మిషన్ సక్సెస్. అయినా అతనికి కిందపడ్డ సామాన్లు ఏరుకునే ఓపిక కూడా లేకపోయింది.

బల్ల కింద దాక్కున్న తాళాల పెద్దమ్మ అప్పుడు బయటికొచ్చింది. ఊడి వేలాడుతున్న అతని మీసం వైపు, ఖాళీ బల్ల వైపు మార్చి మార్చి చూసి నిట్టూర్చింది.

"బోణీకొచ్చిన మనిషిని చెయ్యి పట్టుకుని మరీ అమ్మనంటావా? ఈ వ్యాపారం నీకు అచ్చిరాదు నాయనా. ప్రశాంతంగా ఏదైనా ఉద్యోగం చూసుకో."