గిన్నెలో మారిన బీరు

ఫ్రిజ్ లోంచి గిన్నె తీసి మూత ఎత్తిన అమ్మాయి చెయ్యి అక్కడే ఆగిపోయింది. నిన్న సాయంత్రం నల్లబీరులో మునిగిన కోడి ముక్కలు ఇప్పుడు గడ్డిపోచ రంగు బీరులో నానుతున్నాయి.

గిన్నె అదే. ముక్కలు అవే. స్కేలు పెట్టి గీసినట్టు ఒక్కో తొడ మీద వరసగా పెట్టిన గాట్లూ అవే. ముక్కల్ని ముంచిన బీరు మాత్రం వేరు.

ఆమె మూత పెట్టేసి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఫోన్ తీసింది.

"లిఫ్టూ, ఎక్కడున్నావ్?"

"మీ వీధి చివర. బొగ్గులు కొంటున్నా. ఏం, అప్పుడే బెంగా?"

"ఎవరో గిన్నెలో చెయ్యి పెట్టారు."

"తినేశారా?"

"పచ్చి కోడి ఎవరు తింటారు? బీరు మార్చేశారు. నువ్వు పోసింది నల్లది. ఇప్పుడున్నది లైట్ బీరు."

అవతల బొగ్గుల సంచి కిందపడిన చప్పుడైంది.

"సరిగ్గా చూశావా?"

"కళ్ళజోళ్ళ షాపులో రోజంతా జనాల చూపు పరీక్ష చేసేది నేను. నన్నే అడుగుతున్నావా, సరిగ్గా చూశావా అని?"

అతను మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, కానీ తను మాత్రం ఎప్పుడూ లిఫ్టు ఎక్కడు. ఎందుకని అడిగితే, స్వీట్ల కొట్టువాడు స్వీట్లు తింటాడా అని ఎదురడుగుతాడు. ఈ రోజు ఆ జోకు వేసే స్థితిలో లేడు. గిన్నె మీదికి వంగి వాసన చూశాడు.

"అల్లం. వెల్లుల్లి. నేనూ వేశాను," అన్నాడు. మళ్ళీ వంగాడు. "తేనె. ఇది నేను వెయ్యలేదు."

"తేనె వేస్తే ఏమవుతుంది?"

"నిప్పు తగలగానే మాడుతుంది. లోపల పచ్చి, పైన బొగ్గు."

"చెడగొట్టాలంటే గుప్పెడు ఉప్పు గుమ్మరిస్తే చాలుగా. తేనె దాకా ఎందుకు?"

"ఉప్పయితే ఎవరో వేశారని తెలిసిపోతుంది. ముక్క మాడితే తప్పు వండినవాడిది." అతను గొంతు తగ్గించాడు. "నిప్పు సంగతి బాగా తెలిసినవాడి పని ఇది."

ఇద్దరూ ఒకేసారి హాల్ వైపు చూశారు. హాల్లో ఆమె తండ్రి పేపరు చదువుతున్నాడు. ఆయన ఫైర్ ఆఫీసరు.

ఆ ఇంట్లో గ్యాస్ పొయ్యి పక్కన మంటలార్పే ఎర్ర సిలిండరు, డాబా తలుపు దగ్గర ఇసుక బకెట్టు. ఆమె చిన్నప్పుడు పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు వెలిగిస్తే, తండ్రి నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడేవాడు.

"నిన్న నువ్వు వెళ్ళగానే నాన్న బయటికెళ్ళాడు," అంది ఆమె నెమ్మదిగా. "వాకింగ్ అన్నాడు. ఆయన పొద్దున తప్ప వాకింగ్ చెయ్యడు."

"ఇంకా మర్చిపోలేదన్నమాట."

మర్చిపోయే విషయం కాదది. వాళ్ళిద్దరి తొలి పరిచయం లిఫ్టు తలుపుకి చెరోవైపు జరిగింది. ఆమె లోపల, అతను బయట. మూసుకుంటున్న తలుపుని ఆపబోతే ఆమె చెయ్యి మణికట్టు దాకా రెండు రెక్కల మధ్య ఇరుక్కుపోయింది. ఫైర్ ఇంజన్ వచ్చింది. దాంతోపాటు ఆఫీసరూ వచ్చాడు, బయటికి వేళ్ళాడుతున్నది కన్నకూతురి చెయ్యని చూశాడు, తలుపు చీల్చే మిషను తెమ్మని అరిచాడు.

గ్రీజు పూసుకున్న ఒక కుర్రాడు తలుపుకి వీపు ఆనించి అడ్డంగా నిలబడ్డాడు.

"పైన రోలర్ ఇరుక్కుంది సార్. బలం పెడితే రెక్క ఇంకా బిగుస్తుంది. చెయ్యి నలిగిపోతుంది. అయిదు నిమిషాలు ఆగండి."

"తప్పుకోరా."

"తప్పుకోను సార్."

తన మనుషులందరి ముందూ ఆఫీసరు అయిదు నిమిషాలు ఆగాల్సి వచ్చింది. అతను రోలరు విప్పుతున్నంతసేపూ లోపలున్న అమ్మాయిని ఏడవనివ్వకుండా ఏదో వాగుతూనే ఉన్నాడు. మీ గోళ్ళరంగు బాగుంది, మా లిఫ్టు బటన్లకి ఇదే వేయిస్తాను అన్నాడు. ఆమెకి ఏడుపుతో పాటు నవ్వూ వచ్చింది. ఆ నవ్వు ఏడాదిగా ఆగలేదు.

ఆఫీసరు మాత్రం ఆ కుర్రాడి గురించి మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. కూతురు పెళ్ళి మాట ఎత్తితే, "అక్క రానీ," అన్నాడు.

అక్క వచ్చింది. అమ్మాయికి మేనత్త, ఫ్యాక్టరీ క్యాంటీను నడిపి రిటైరైన మనిషి. తల్లి పోయిన ఆ పిల్లని పెంచింది ఆవిడే. ఆ ఇంట్లో ఆవిడ మాటకి తిరుగులేదు. నిన్న గడప దాటుతూనే తీర్పు విధానం ప్రకటించింది. "వండి పెట్టమను. మాటలతో ఎవర్నయినా బుట్టలో వెయ్యొచ్చు, ఉప్పుతో వెయ్యలేరు. బీరులో నానబెడతాడా? తాగనంతవరకూ నాకేం అభ్యంతరం లేదు." నచ్చకపోతే ఆవిడ దగ్గర ఇంకో సంబంధం సిద్ధంగా ఉంది. బ్యాంకు మేనేజరు.

"ఆయనకి వంట పరీక్ష లేదేం?" అని నిన్న మెకానిక్ గొణిగాడు.

"ఆయన అడ్డదారిన రాలేదు," అంది ఆవిడ. వినికిడి బాగానే ఉంది.

సాయంత్రం రైలుకి ఆవిడ వెళ్ళిపోతుంది. వెళ్ళేలోగా ఏదో ఒకటి తేల్చేస్తుంది.

"పారేసి నిజం చెప్పేద్దాం," అన్నాడు అతను గిన్నె చూస్తూ.

"సాకు అంటుంది. మా క్యాంటీన్లో ఇలాంటి సాకులు రోజూ వినేదాన్ని అంటుంది."

"మళ్ళీ కొనుక్కొస్తా."

"నానడానికి టైమేది?" ఆమె అతని చొక్కా బటను పట్టుకుని లాగింది. "తేనె మాడకుండా కాల్చలేవా?"

"చూస్తాను."

"చూస్తాను కాదు. లిఫ్టులో ఉన్నప్పుడు నాకిలా చెప్పలేదు నువ్వు."

అతను ఆమె మణికట్టు వైపు చూశాడు. సన్నటి మచ్చ ఇంకా ఉంది.

"కాలుస్తాను," అన్నాడు.

డాబా మీద పొయ్యి రాజుకుంది. ఆఫీసరు చేతులు కట్టుకుని, ఎర్ర సిలిండరు పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. అత్త కుర్చీలో కూర్చుంది.

"గాలి ఎటునుంచి?" అన్నాడు ఆఫీసరు.

"ఎడమ నుంచి సార్."

"పొయ్యి ఎటు తిప్పావ్?"

"కుడికి సార్."

"బొగ్గులన్నీ మధ్యలో పోశావేం? ఒక పక్కకి నెట్టు. ముక్కలు రెండో పక్కన పెట్టు."

అతను పళ్ళు బిగించి అలాగే చేశాడు. వంకలు వెతుకుతున్నాడని అమ్మాయి తండ్రి వైపు కొరకొరా చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు. పొయ్యి వైపే చూస్తున్నాడు, తన మనుషుల్ని మంటలోకి పంపి బయట నిలబడినప్పుడు చూసినట్టు.

ముక్కలు బంగారు రంగుకి తిరిగాయి. కొవ్వు కరిగి ఒక చుక్క బొగ్గు మీద పడింది. భగ్గున మంట లేచింది.

"మూత," అన్నాడు ఆఫీసరు.

అతను అప్పటికే మూత వేసేశాడు. ఆ తొందర్లో నిప్పుకణిక ఒకటి జారి నేల మీద దొర్లి అత్త కుర్చీ వైపు వెళ్ళింది. అమ్మాయి పరుగెత్తి ఇసుక బకెట్టు ఎత్తి కుమ్మరించింది. కణిక ఆరిపోయింది.

ఇసుకతో పాటు ఒక సీసా దొర్లింది. ఖాళీ బీరు సీసా. లైట్ బీరు.

అత్త సీసా వైపు, తర్వాత తమ్ముడి వైపు చూసింది. ఆఫీసరు మెడ ఎర్రబడింది. అమ్మాయి సీసా తీసి, ఇసుక దులపకుండానే తన కుర్చీ కింద పెట్టుకుంది.

"ముందు తిండి," అంది అత్త. "చల్లారితే దేన్నీ నేను నమ్మను."

మెకానిక్ బల్ల మీద కంచాలు పెట్టాడు. మూతి బిగించిన అమ్మాయి, తల దించుకున్న ఆఫీసరు. అత్త చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకో ముక్క తుంచింది. ఎముక దాకా వెళ్ళింది. ఎముక చీకి కంచం అంచున పెట్టింది.

"చేదు లేదు," అంది. "బీరంటే చేదొస్తుందని కాచుకు కూర్చున్నాను. లోపల రసం ఉంది. తేనె పట్టీపట్టనట్టు తగులుతోంది. ఎక్కడా మాడలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నావబ్బాయ్?"

బల్ల కింద అమ్మాయి అతని కాలు తొక్కింది. ఊరుకో అని అర్థం. ఒక్క అబద్ధంతో, అది కూడా నోరు మూసుకుంటే చాలు, అన్నీ అయిపోతాయి.

అతను కంచం కొంచెం ముందుకి జరిపాడు.

"కాల్చింది నేనే అత్తయ్యగారూ. నానబెట్టింది నేను కాదు."

"ఎవరికి అత్తయ్యగార్ని? ఇంకా తేలలేదుగా," అంది ఆవిడ. కానీ చెయ్యి కంచం మీదే ఆగింది. "నువ్వు కాకపోతే?"

"తెలీదండీ. నేను పోసింది రెండు సీసాల నల్లబీరు. ఉన్నవాటిలో స్ట్రాంగ్ ది. అరడజను నిమ్మకాయలు పిండాను. తెల్లారేదాకా నానాలని పెట్టాను. పొద్దున చూస్తే మొత్తం మారిపోయింది."

"నల్లబీరు రెండు సీసాలా? దానికి తోడు అన్ని నిమ్మకాయలా? ఎవడు చెప్పాడ్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ, అలవాటు. ఒక్క తాడు మోసే లిఫ్టుకి మేం అయిదు తాళ్ళు వేస్తాం. దేనికైనా ఒకటి చాలంటే నాకు నిద్రపట్టదు."

అత్త మూతి వంకర తిరిగింది. నవ్వు ఆపుకుంటోందో కోపం ఆపుకుంటోందో తెలియలేదు.

"బాగుందని నేనన్నాక కూడా నీది కాదన్నావే. ఊరుకుంటే పోయేదిగా?"

"ఈ రోజుకి పోయేదండీ. రేపు మీరొచ్చి మళ్ళీ వండమంటే?"

అమ్మాయి ఇక ఆగలేదు. సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఇసుక జలజలా రాలింది.

"ఈ సీసా నీ బకెట్టులో ఎందుకుంది నాన్నా? నీ మనుషుల ముందు నిన్ను ఆపాడన్న కోపం ఇంకా పోలేదా? నచ్చకపోతే నా మొహం మీదే చెప్పొచ్చుగా. దొంగచాటుగా తేనె పోసి, ముక్కలు మాడి ఇతని పరువు పోవాలని చూశావా?"

"ఏరా," అంది అత్త. "నువ్వేనా?"

ఆఫీసరు చేతులు తుడుచుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"నేనే అక్కా. వీడు మెట్లు దిగిన చప్పుడు ఆగగానే మూత తీశాను. వాసన చూస్తేనే తెలిసిపోయింది. ఆ నల్లబీరుకి నిప్పు తగిలితే చేదు విషం. అంత పులుపులో తెల్లారేదాకా ఉంటే కోడి పిండైపోతుంది. నాకెలా తెలుసంటావా? మన చిట్టి వాళ్ళమ్మకి నేను మొట్టమొదట వండి పెట్టింది అచ్చం అదే. ఒక్క మాట అనకుండా మొత్తం తినేసింది మహాతల్లి. మర్నాడు తనే నేర్పింది. లైట్ బీరు, అల్లం, ఆఖర్న చెంచాడు తేనె, బొగ్గులు ఒక పక్కకి. నువ్వు ఆవిడ కాదు కదా. మొదటి ముక్కకే కంచం తోసేసేదానివి. అందుకని టోపీ కళ్ళ మీదికి లాక్కుని వెళ్ళి సీసా కొన్నాను, ఈ వయసులో. దాన్నెక్కడ పారెయ్యాలో తోచలేదు, దొంగతనం అలవాటు లేదుగా. చేతికి బకెట్టు తగిలింది. కోపం అంటావేంటే చిట్టీ. కోపం వచ్చింది, ఎందుకు రాదు, వీడు తలుపుకి అడ్డం నిలబడ్డ ఆ అయిదు నిమిషాలూ వచ్చింది. ఆరో నిమిషంలో నువ్వు రెండు చేతులతో బయటికొచ్చావు. నేను మిషను పెట్టి ఉంటే ఒక చేత్తో వచ్చేదానివి. ఆ చెయ్యి వీడు మిగిల్చింది అక్కా. దాన్ని వీడి చేతిలో పెట్టడానికి పోయి పోయి ఒక కోడి అడ్డమొస్తే, నేను చూస్తూ ఊరుకోవాలా?"