బీరువాలో మదర్‌బోర్డు

పొద్దున ఏడున్నరకు కృష్ణ టీ గ్లాసు పట్టుకుని వచ్చి, నవనీత కంప్యూటర్ బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫోన్‌లో ఒక మదర్‌బోర్డు బొమ్మ తెరిచి ఆమె ముందుకు చాపాడు.

"ఇది సూడు. ర్యామ్ పెట్టే స్లాట్లు నాలుగున్నయి. రెండున్నదానికంటే రేటు జర ఎక్కువ. మనకు నాలుగు అవసరమా?"

నవనీత తెర మీంచి కళ్లు తీయకుండానే, రెండు చాలేమో అంది. అయినా ఇంకో రెండు మోడళ్లు చూశాక చెబుదాం అంది. కృష్ణ బుద్ధిమంతుడిలా తలూపి, ఆ మోడల్ పేరు పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాడు. కోదాడలో ఆ వీధిన పోయేవాళ్లెవరైనా కిటికీలోంచి చూస్తే, ఎంత అన్యోన్యమైన సంసారమో అనుకుందురు. వాళ్లకేం తెలుసు? కావాల్సిన మదర్‌బోర్డు నవనీత కొని ఐదు వారాలైంది. అదే గదిలో, బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. ఆ సంగతి కృష్ణకూ తెలియదు.

నవనీత ఇంట్లోనే కూర్చుని ఫొటోగ్రాఫర్లకు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. కృష్ణది మఠంపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఐదేళ్ల కింద వేములపల్లిలో ఆమె తండ్రి సత్యానందం పోయినప్పుడు, కృష్ణ మట్టి చేయడం అయిపోయాక వచ్చాడు. ఎందుకు ఆలస్యమైందని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా నేరుగా మాటల్లేవు. అడిగితే ఒక పూట గొడవతో పోయేది. అడగకపోవడంతో ఐదేళ్లు పట్టింది. ఇద్దరూ ఇద్దరే, మొండిఘటాలు!

అలాగని ఇంట్లో మాటల్లేవని కాదు. కూతురు దీవెన ఉండేది కదా. "అన్నం పెట్టిన అని మీ డాడీకి చెప్పు" అని ఈమె, "కరెంటు బిల్లు కట్టిందేమో మీ మమ్మీని అడుగు" అని అతను. మూడడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య ఆ పిల్ల మాటలు మోసి మోసి పెరిగింది. ఈ జూన్‌లో ఇంటర్ చదువుకని సూర్యాపేట హాస్టల్‌కు వెళ్లిపోయింది. ఇక మాటలు మోసేవాళ్లు లేరు. నవనీత అన్నం మీద మూత పెట్టేది. కృష్ణ తిని, కంచం కడిగి, కంపెనీ బస్సెక్కేవాడు. ఇంట్లో మనిషి గొంతు వినపడక ప్రాణం విసిగిపోయి, ఆల్బమ్ మీద వేసే పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లను ఆమె ఒక్కతే పైకి చదువుకునేది.

అలాంటప్పుడు వచ్చింది ఆ ప్రాసెసర్. మిర్యాలగూడ ఫొటోగ్రాఫర్ మంగయ్య కొత్త కంప్యూటర్ కొనుక్కుని, పాతదాంట్లో ప్రాసెసర్ తీసి ఆమెకిచ్చాడు. అతనికి పాతదైనా, ఆమె దగ్గరున్న పదేళ్ల ముసలిదాని ముందు అది గుర్రమే. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఆ ప్రాసెసర్ పాత బోర్డులో కూర్చోదు. దానికి తగిన సాకెట్ ఉండాలి, తన పాత ర్యామ్ అందులో పనికిరావాలి, పైగా చవకలో రావాలి. దీవెనను చూడ్డానికి సూర్యాపేట వెళ్లినరోజు, ప్రాసెసర్ నంబరు చీటీ మీద రాసుకుని ఒక దుకాణంలో చూపించింది. అక్కడ పనిచేసే తారా అనే అమ్మాయి పది నిమిషాల్లో తేల్చేసింది. "మేడమ్, హెచ్610 బోర్డు తీస్కోండి. డీడీఆర్4 ర్యామ్ పట్టేది. ఆల్బమ్ పనికి మస్తు సరిపోతది" అంది. నవనీత కొనుక్కుని బస్సెక్కింది.

ఆమె ఇంట్లో అడుగుపెట్టేసరికి కృష్ణ బల్ల మీది ప్రాసెసర్‌ను వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. అలవాటుకొద్దీ దీవెన కోసం అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. గొంతు సవరించుకున్నాడు.

"దీనికి బోర్డు ఏది పడ్తది?"

ఆమెనే అడిగాడు, ఆమె మొహంలోకి చూసి. బోర్డు డబ్బా భుజాన సంచిలోనే ఉంది. తీసి చూపిస్తే అయిపోయేది.

"ఏమో, ఇంకా సూడాలె" అంది నవనీత.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆమెది అతికిందే కాదు, అల్లుకుపోయింది. కృష్ణ బస్సులో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. "డీడీఆర్5 బోర్డు తీసుకుంటే మన పాత ర్యామ్ పనికిరాదు, జర పైలం" అని ఒకరోజు ఆమెకే పాఠం చెప్పాడు. నవనీత అప్పుడే తెలిసినట్టు అట్లనా అంది. బోర్డు దగ్గర మొదలైన మాటలు మెల్లగా అతని పంటినొప్పికి, తోటి ఉద్యోగి జంగయ్య కూతురి పెళ్లికి, కూరలో తగ్గిన ఉప్పుకు పాకాయి. అతను ఏ మోడల్ చూపినా ఆమె ఏదో వంక పెట్టేది. దీనికి వారంటీ తక్కువ, దానికి యూఎస్‌బీలు తక్కువ.

అటు పాత కంప్యూటరేమో ఘడియకోసారి ఆగిపోతోంది. ఒక్క ఆల్బమ్‌కు నాలుగు రోజులు పడుతోంది. ఇట్లయితే పని వేరేవాళ్లకు ఇచ్చుకుంటానని మంగయ్య మూడుసార్లు హెచ్చరించాడు. ఆమె అన్నీ ఓర్చుకుంది. బోర్డు బిగించిన రోజు కృష్ణ తన పక్కన వేసుకునే ఆ కుర్చీ మళ్లీ గోడకు చేరుతుంది. ఆమె భయమంతా అదే.

ఆ నాలుగు స్లాట్ల మాట నడిచిన రోజు బుధవారం, కృష్ణకు సెలవు. పొద్దున టీ తాగి, ఎక్కడికో చెప్పకుండా వెళ్లినవాడు మధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. అదే హెచ్610. పని ఆగిపోయిందని మంగయ్య తనకు ఫోన్ చేశాడట. సూర్యాపేటలో నాలుగు దుకాణాలు తిరిగి తక్కువలో బేరమాడి తెచ్చాడట. చెబుతుంటే అతని మొహం వెలిగిపోతోంది.

సంతోషపడాల్సిన మనిషికి ఒళ్లు మండిపోయింది. "ఎవరు తెమ్మన్నరు మిమ్మల్ని? ఇంకా సూద్దామన్న గదా. ఏం తొందరొచ్చింది?"

కృష్ణ మొహం చిన్నబోయింది. దీవెన గది తలుపు వైపు చూశాడు. తరవాత ఆమె పక్కనున్న కుర్చీని ఈడ్చుకెళ్లి గోడకు ఆనించాడు. ఆ కుర్చీ కాళ్లు నేల మీద గీసుకున్న చప్పుడుకు నవనీత ఒక్క ఉదుటున లేచింది. గబగబా బీరువా తెరిచి, చీరలు కింద పడుతున్నా చూసుకోకుండా, తన డబ్బా తెచ్చి అతని డబ్బా పక్కన పెట్టింది.

కృష్ణ బిల్లు తీసి తారీఖు చదివాడు. రెండోసారి చదివాడు.

"ఐదు వారాలు" అన్నాడు. "నేను దుకాణం దుకాణం తిరిగి అడుగుతుంటే, ఈ వయసుల నీకెందుకు కాకా అని నవ్విండ్రు. నన్ను పిచ్చోణ్ణి చేసినవా నవనీతా?"

"బోర్డు తెచ్చిన అంటే, సరే అని లేసిపోతరు. మళ్ల ఎన్నేండ్లకు మాట్లాడుతరో అని భయమైంది." ఆమెకు ఏడుపు ఆగలేదు. "మంగయ్య పని పోతే ఇంకొకరు ఇస్తరు. మీరు నా పక్కన గీ కుర్సీల కూసునుడు, అది ఎవరిస్తరు?"

కృష్ణ బిల్లు బల్ల మీద పెట్టాడు. తరవాత వంగి, కింద పడిన చీరలు ఒక్కొక్కటీ తీసి మడత పెట్టసాగాడు. మడతలు సరిగా కుదరడం లేదు.

"మామ మట్టికి అందుకోలేకపోయిన" అన్నాడు, చీర వైపే చూస్తూ. "డ్యూటీకి నా జాగల రావాల్సినోడు రాలె. ప్లాంటు ఇడిసిపెట్టి పోతే నౌకరి పోతదన్నరు. పోతే పోనీ అనాల్సిందుండె, అనలె. నువ్వు తిడ్తవనుకున్న. తిట్టలె. ఇగ నీ ఎదురుంగ మాట్లాడనీకి మొఖం చెల్లలె."

"నేనన్నా తిట్టాల్సిందుండె" అంది నవనీత. ఐదేళ్ల నుంచి ఆమె ఎదురుచూసిన సంజాయిషీ అది. అంత చిన్నదని ఆమె అనుకోలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, సీలు తీయనిది కాబట్టి అతను తెచ్చింది వాపస్ ఇచ్చేద్దామంది. ఒక ప్రాసెసర్‌కు రెండు బోర్డులేం చేసుకుంటాం అంది. కృష్ణ రెండు డబ్బాలనూ మార్చి మార్చి చూశాడు. గోడ దగ్గరి కుర్చీని మళ్లీ తెచ్చి ఆమె పక్కన వేసుకున్నాడు. క్యాలెండర్ కాగితం తిరగేసి, ఖాళీ చోటు వెతికాడు.

"వాపస్ ఎందుకు? ఒకటి నీకు బిగిద్దాం. రెండోది దీవెనకు పనికొస్తది. దానికి తక్కువల ఏ ప్రాసెసర్ పడ్తది?"

"ఏమో" అంది నవనీత, అతని దగ్గరికి జరిగి. "ఇంకా సూడాలె."

ఈసారి అది అబద్ధం కాదు.