ఘాట్ మీద సిగ్నలుండదు

"ఓటీపీ సెప్పండి," అంది విశాలి, కంప్యూటర్ మీంచి తలెత్తకుండా.

"సెప్పను."

ఈసారి తలెత్తింది. సాలూరులో నెట్ సెంటర్ పెట్టి రెండేళ్ళయింది గానీ ఇలాంటి శాల్తీ ఎప్పుడూ తగల్లేదు. ఆరడుగుల మనిషి ఫోన్‌ని గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు.

"ఎవులడిగినా సెప్పొద్దని బ్యాంకోళ్ళు మెసేజ్ పెట్టారండి."

"ఇది బ్యాంకు కాదు బాబూ. మీ సెల్లి ఇంజినీరింగ్ ఆప్షన్లు. ఓటీపీ లేకపోతే సైటు తెరుసుకోదు."

"ఇంటోళ్ళకైతే సెప్తాను. మీరేటి, మా ఇంటోళ్ళా?"

పక్కనే ఉన్న చెల్లెలు సుహాసిని నెత్తి కొట్టుకుంది. ఇంటర్ పాసై కాలేజీ కోసం కలలు కంటున్న పిల్ల. "అన్నియ్యా, పరువు తియ్యకు!" అంటూ ఫోన్ లాక్కుని అంకెలు తనే చదివింది.

అతని పేరు ఉదయభాస్కర్. సొంత లారీ, సొంత పొగరు అనుకుంది విశాలి. నవ్వు మాత్రం బాగుంది, అది వేరే సంగతి.

మర్నాడు అన్నగారొక్కడే దిగాడు.

"ఆ మూడో కాలేజీని కిందకి దించండి. హాస్టల్లో సాంబారు నీళ్ళంట."

ఆ మర్నాడు, "పైకెత్తండి. వంటోడు మారాడంట."

ఆప్షన్లు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరి రోజు ఫ్రీజ్ నొక్కి ఖాయం చేసేదాకా. మార్చినప్పుడల్లా అతని ఫోన్‌కే ఓటీపీ వస్తుంది. ఫోన్లో చెబితే సరిపోయేదానికి అతగాడు తల దువ్వుకుని మరీ వచ్చేవాడు. ఈ వేషాలు విశాలికి తెలియక కాదు. అతనొచ్చే వేళకి తనూ జడ సవరించుకోవడం మొదలెట్టింది.

గడువుకి ముందురోజు మరీ బరితెగించాడు. సుహాసిని ప్రాణం పెట్టుకున్న విజయనగరం కాలేజీనే అట్టడుక్కి దించమన్నాడు.

"అదేటండి! పిల్లకి కావలసింది అదే కదా?"

"రేపొచ్చి పైకెత్తిస్తాను. రావడానికి నాకో పనుండాలి కదా!"

విశాలి నవ్వాపుకుంటూ దించేసింది. ఇద్దరికీ బుద్ధి లేదు.

తెల్లారేసరికి అతనికి ఘాట్ రోడ్డెక్కి ఒడిశాలో కొరాపుట్ వెళ్ళే లోడు పడింది. సాయంత్రం ఐదింటికి సైటు మూసేస్తారు. నాలుగైంది. బయట కుండపోత. సుహాసిని స్క్రీన్ చూసి లబోదిబోమంది.

"అక్కా, నా కాలేజీ అడుక్కెలా ఎల్పోనాది?"

విశాలి ఫోన్ చేస్తూనే ఉంది. అందుబాటులో లేరంటోంది. ఘాట్ మీద సిగ్నలెక్కడుంటుంది? తమ సరసానికి ఈ పిల్ల చదువు బలైపోయేలా ఉంది.

"మీ అన్న దించమన్నాడు, నాను దించీసాను. తప్పు నాది కూడా సెల్లీ," అనేసింది. సుహాసిని ఏడుపు ఆపి ఆమె వైపు అదోలా చూసింది.

ఐదుకి పావుగంట ఉందనగా తలుపు తోసుకుని ఉదయభాస్కర్ ఊడిపడ్డాడు. నిలువునా తడిసిపోయాడు. ఫోన్ మాత్రం పాలిథిన్ కవర్లో భద్రంగా ఉంది.

"సగం ఘాట్ ఎక్కాక గుర్తొచ్చినాది. లారీ నేస్తానికి అప్పజెప్పి, ఎవుల్దో బైకెక్కి వచ్చీసాను."

"ఓటీపీ?"

ఈసారి ఫోనే ఆమె చేతిలో పెట్టేశాడు.

విజయనగరం పైకెక్కింది. ఫ్రీజ్ అయింది. సుహాసిని ఊపిరి పీల్చుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నా కాలేజీతో ఆటలాడుకున్నారన్నమాట. ఉండండి, మీ పని అమ్మతో సెప్తాను," అని గొడుగు పట్టుకుని పోయింది.

తర్వాత అతను రాలేదు. రావడానికి పనేముంది గనక! విశాలి మాత్రం తలుపు చప్పుడైతే చాలు, తలెత్తేది. మనసు ఉసూరుమనేది.

సుహాసినికి విజయనగరంలోనే సీటొచ్చిన రోజున నెట్ సెంటర్ ముందు ఆటో ఆగింది. వాళ్ళమ్మ ధనలక్ష్మి దిగింది. వెనకాల తలొంచుకుని కొడుకు.

"మా గ్యాసుకి ఫోన్ నంబరు మార్చాలమ్మా. బండొచ్చినప్పుడల్లా ఓటీపీ ఈడి ఫోనుకెల్తాది. ఈడేమో ఘాట్ మీదుంటాడు. బండోడు ఎనక్కి ఎల్పోతన్నాడు."

"ఏ నంబరు ఎయ్యమంటారు?"

ధనలక్ష్మి కుర్చీ లాక్కుని తాపీగా కూర్చుంది. "ఇంటి మనిషిదే ఉండాల కదా. నీది ఎయ్యి."

విశాలి అతని వైపు చూసింది. ఉదయభాస్కర్ పైన తిరిగే ఫ్యాన్‌ని పరీక్షగా చూస్తున్నాడు.

"పొద్దస్తమానం నాను ఈ సెంటర్లోనే ఉంటాను కదండి?"

"ఉండు. ఇక్కడ సిగ్నలుంటాది."

విశాలి గబగబా తొమ్మిదంకెలు కొట్టి ఆగింది.

"ఆకరి అంకె మా నాన్న సెప్పాల అత్తా. సాయంత్రం ఇంటికి రండి. ఈయన్ని కూడా తెండి."