కొండల్ తాత సైకిల్‌కు సోనీ నూనె

స్కూలు గేటు దాటకముందే సోనీకి తెలిసిపోయింది, తాత వచ్చేశాడని. కళ్లతో చూసి కాదు, చెవులతో విని!

కిర్ర్... కిర్ర్... కిర్ర్...

కొండల్ తాత సైకిల్ వయసులో సోనీ కంటే పెద్దది. నోరు ఇంకా పెద్దది. పాతబస్తీ ఉర్దూలో చైన్ అంటే మనశ్శాంతి కూడా కదా! ఆ సైకిల్‌కు చైన్ ఉంది కానీ, వినేవాళ్లకే చైన్ లేదు.

"సోనీ! మీ తాత సైకిల్‌కు కడుపునొప్పా ఏంది?" పింటూ అరిచాడు. పిల్లలంతా పకపకా నవ్వారు.

సోనీ క్యారియర్ ఎక్కి, బ్యాగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"తాతా, దీన్ని బాగు చేయించరాదు?"

"తొక్కెటోనికి లేని కిరికిరి ఎక్కెటోళ్లకెందుకే!" తాత నవ్వాడు.

ఇంటికి రాగానే తాత పాలు పిండడానికి గేదెల దగ్గరికి వెళ్లాడు. సోనీ కొబ్బరినూనె సీసా తెచ్చింది. చైనుకు పోసింది. పెడళ్లకు పోసింది. ఇనుము కనిపించిన చోటల్లా పోసింది. రిమ్ములకైతే గుడ్డతో చుట్టూ పట్టించింది, అమ్మ తనకు తలకు పట్టించినట్టు. స్టాండు మీద చక్రం తిప్పింది. చప్పుడే లేదు! ఇక ఆమె సంబరానికి బ్రేకుల్లేవు.

తాత రెండు పాల క్యాన్లు తగిలించుకుని సీటు ఎక్కాడు.

కిర్ర్!

సోనీ ముఖం మాడిపోయింది. చప్పుడు ఎక్కడికీ పోలేదు. పోయింది నూనె ఒక్కటే.

రెండు గంటల తర్వాత తాత ట్రాలీ ఆటోలో తిరిగొచ్చాడు. కుడి మణికట్టుకు కట్టు ఉంది. వెనక సైకిల్, ఖాళీ క్యాన్లు వచ్చాయి.

"ఏమైంది మామా?" అమ్మ విజయలక్ష్మి పరుగెత్తుకొచ్చింది.

"ధూల్‌పేట్ వాలు మీద చిన్నపోరి అడ్డమొచ్చింది. బ్రేకు గట్టిగనే పట్టిన, బండి ఆగలే. గోడకు గుద్దిన. పోరికేం కాలే, అదే చాలు." తాత ఎడమచేయి మూసి తెరిచి చూసుకున్నాడు. "చేతుల్ల పట్టు పోయిందమ్మా. ఇగ నేను తొక్క. సైకిల్ అమ్మేయుండ్రి."

సోనీ మెల్లగా సైకిల్ దగ్గరికి వెళ్లింది. రిమ్ము నిగనిగా మెరుస్తోంది. బ్రేకు రబ్బరు మీద వేలు పెట్టింది. వేలు జర్రున జారింది. కొబ్బరినూనె వాసన.

చెప్పాలనుకుంది. కానీ వేలిని గౌనుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

పొద్దున అమ్మ తాతకు చాయ్ తెచ్చింది.

"సగమే పొయ్యమ్మా," అన్నాడు తాత. "చెయ్యి వణికితే ఒలుకుతది."

ఆ చేయి వణకడం లేదు. సోనీ చూస్తూనే ఉంది. ఏమాత్రం వణకడం లేదు.

"తాతా!" సోనీ ఏడ్చేసింది. "నీ చెయ్యి మంచిగనే ఉంది. నేనే... రిమ్ముకు నూనె రాసిన. నిన్ననే ఎరుకైంది. భయమై చెప్పలే."

తాత చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తిట్టలేదు.

"రాత్రంత నా చేతులను తిట్టుకున్న బిడ్డా," అన్నాడు.

దానికంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

ఆ ఆదివారం సోనీ, తాత కలిసి సైకిల్‌ను మెకానిక్ కృపాకర్ దుకాణానికి నడిపించుకుపోయారు. కృపాకర్ విషయమంతా విని తల పట్టుకున్నాడు.

"పన్ను నొస్తే మోకాలికి మందు రాస్తరా, సోనమ్మా? ముందు చెవి పెట్టాలె. తర్వాతే చెయ్యి పెట్టాలె!"

రిమ్ములు సబ్బునీళ్లతో సోనీయే కడిగింది. మూడుసార్లు. బ్రేకు రబ్బర్లు కృపాకర్ కొత్తవి వేశాడు. తర్వాత తాతను సీటు మీద కూర్చోబెట్టి, సోనీని వినమన్నాడు. కిర్రుమన్నది సీటు కింది స్ప్రింగు! అక్కడ ఒక్క చుక్క వేశాడు. అంతే, సైకిల్ నోరు మూసుకుంది.

మణికట్టు నయమయ్యాక తాత మళ్లీ స్కూలుకు వచ్చాడు. ఈసారి ఆయన రావడం సోనీకి వినపడలేదు.

ధూల్‌పేట్ వాలు రాగానే తాత ఆగి, సైకిల్ దిగాడు.

"ఎందుకు తాతా? బ్రేకు మంచిగైంది కద?"

"నాకెరుకనే బిడ్డా. చేతులకే ఇంక ఎరుక కాలే."

సోనీ క్యారియర్ మీంచి దూకింది. బ్యాగు క్యారియర్‌కు బిగించి, వెనక ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది.

"ఎనకకు గుంజి పట్టుకున్న తాతా. నువ్వు నడువు."

"ఏయ్ సోనీ!" వెనక నుంచి పింటూ కేకేశాడు. "సైకిల్ పెట్టుకొని నడుస్తున్నవేంది?"

నవ్వులు వినపడ్డాయి. సోనీ ముఖానికి అడ్డం పెట్టుకోవడానికి బ్యాగు తీయలేదు. అందుకు చేతులు కూడా ఖాళీగా లేవు. వాలు అయిపోయేదాకా ఆమె ఆ కడ్డీని వదల్లేదు.