మూడు గళ్ళ వైద్యుడు

నర్సు ప్రసన్నలక్ష్మి మెట్లెక్కి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. నరసరావుపేటలో ఎరువుల కొట్టు పైగదే ప్రైవేటు డిటెక్టివ్ యల్లమంద ఆఫీసు. భయపడి వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళిచ్చేది అతని అసిస్టెంటు అఫ్రీన్. ప్రసన్నలక్ష్మి గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టింది.

"మనిషిని చంపానంటున్నారు సార్," అంది ప్రసన్నలక్ష్మి.

మాచర్ల దగ్గర రాళ్ళ క్వారీలో పనిచేసే పిచ్చియ్య, జ్వరంతో వచ్చి ఆమె పనిచేసే నర్సింగ్ హోమ్‌లో చేరాడు. అతనికి పెన్సిలిన్ పడదు. ఆ మాట భార్య మల్లీశ్వరి డాక్టరుతో ముందే చెప్పింది. అయినా ప్రసన్నలక్ష్మి అదే ఇంజెక్షన్ ఇచ్చింది. టెస్ట్ డోసుకే ఊపిరాడక పడిపోయాడు. మళ్ళీ లేవలేదు.

"ఎందుకిచ్చావమ్మా?"

"కోటయ్య డాక్టర్ గారు కేసు షీటులో రాశారు సార్. నేను అప్పుడే డ్యూటీ ఎక్కాను, పడదన్న సంగతి నాకెవరూ చెప్పలా. మనిషి పోయాక చూస్తే షీటులో వేరే మందుంది. నేను చదివిన కాయితం అది కాదు."

"డాక్టరు గారేమంటారు?"

"రాయలేదంటారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు సార్. అదే నాకు అర్థం కావట్లా."

ఆ నర్సింగ్ హోమ్ కోటయ్యది. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చెయ్యి తగిలితే చాలనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మత్తు డాక్టరు వీరయ్య ఆయన క్లాస్‌మేట్. ఉదయం టీతో పాటు పేపర్లో గళ్ళనుడికట్టు నింపడం ఇద్దరికీ కాలేజీ రోజుల నుంచీ అలవాటు. నింపిన పేపర్లను కోటయ్య పారెయ్యనిచ్చేవాడు కాదు. యల్లమంద, అఫ్రీన్ వెళ్ళేసరికి ఇద్దరూ డాక్టర్ల గదిలోనే ఉన్నారు, కిటికీ పక్కన ఆ పేపర్లు దొంతరగా ఉన్నాయి.

"నీ పేరేందమ్మా?" అని కోటయ్య ఆప్యాయంగా అడిగాడు. అఫ్రీన్ చెప్పింది.

"పెన్సిలిన్ నేనెందుకు రాస్తాను? ఆయన భార్య నాతోనే చెప్పింది గదా," అన్నాడాయన యల్లమందతో. కాసేపు మాట్లాడి మళ్ళీ అఫ్రీన్ వైపు తిరిగాడు. "నీ పేరేందమ్మా?"

వీరయ్య వెంటనే అందుకున్నాడు. "ఆ నర్సమ్మాయే కంగారులో పొరబడి ఉంటుంది. మావాడు ఇవాళ పజిల్ కూడా ఒక్క గడి వదలకుండా నింపాడు. అంత బుర్ర మందు మర్చిపోతుందా?" అంటూ, ఏదైనా ఉంటే తనకు ఫోన్ చెయ్యమని ఎడమ చేత్తో నంబరు రాసిచ్చాడు.

యల్లమంద కిటికీ దగ్గర చతికిలబడి పాత పేపర్లు చాలాసేపు తిరగేశాడు. తర్వాత పిచ్చియ్య కేసు షీటు, ఇంకొన్ని పాత షీట్లు తెప్పించుకుని చూశాడు. సార్ మొహంలో ఎప్పుడూ కనిపించే హుషారు ఈసారి అఫ్రీన్‌కు కనిపించలేదు.

"తెలిసిందా సార్?"

"తెలిసింది. తెలియకపోతే బాగుండేది."

మర్నాడు మల్లీశ్వరిని పిలిపించి, అందరినీ డాక్టర్ల గదిలో కూర్చోబెట్టాడు. పోలీసులకూ కబురు చేశాడు.

"డాక్టరు గారు ఇంకు పెన్నుతో రాస్తారు," అని మొదలుపెట్టాడు. "ఏడాది కిందటి పజిళ్ళలో ఒక్క తప్పు లేదు, ఒక్క మరక లేదు. తర్వాత తర్వాత తప్పులొచ్చాయి. ఒక రోజు 'భిషక్కు' అని ఆధారమిచ్చారు, మూడు గళ్ళు. 'వైద్యుడు' అని రాయాలి. ఆయన ఆ గళ్ళలో మళ్ళీ 'భిషక్కు' అనే రాశారు. ఆ తర్వాత నుంచి పజిళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయి. అదే ఇంకు, ఇంచుమించు అదే దస్తూరీ. కానీ ప్రతి అక్షరం కుడివైపుకి అలుక్కుపోయింది. ఎడమ చేత్తో రాసేవాళ్ళ అరచెయ్యి, ఇంకు ఆరకముందే దాని మీదుగా పోతుంది. పిచ్చియ్య కేసు షీటు మీద కూడా అదే మరకుంది. డాక్టరు గారి పాత షీట్లలో అది లేదు."

అందరి చూపూ వీరయ్య మీద పడింది.

"మావాడు మర్చిపోతున్నాడని నాకు ముందే తెలుసు," అన్నాడు నేల చూస్తూ. "గళ్ళు ఖాళీగా కనిపిస్తే ఏడ్చేవాడు. అందుకని నేను నింపి, 'నువ్వే రాశావురా' అనేవాణ్ణి. రాసే మందులన్నీ చూసి సరిచేసేవాణ్ణి. ఆ రోజు ఆపరేషన్‌లో ఉండిపోయాను. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ కాయితం చించేసి, వాడి పెన్నుతో వేరేది రాశాను. ప్రాక్టీసు మానెయ్యమని చెబుదామని రోజూ అనుకునేవాణ్ణి. నోరు రాలేదు."

"నా సంగతేంది సార్ మరి?" అంది ప్రసన్నలక్ష్మి నెమ్మదిగా.

కోటయ్య తన చేతుల కేసి చూసుకున్నాడు. "నేనే రాశానా, వీరయ్యా?"

"అవున్రా."

ఆయన లేచి, మల్లీశ్వరి ముందు నిలబడి చేతులు జోడించాడు. "నా వల్లే పోయాడమ్మా మీ ఆయన. నువ్వు చెప్పిన మాట నా దగ్గర నిలవలేదు." తర్వాత ప్రసన్నలక్ష్మి వైపు తిరిగాడు. "నీ మీద పడ్డ నిందకు నన్ను క్షమించు తల్లీ."

ఎస్సై వచ్చాడు. వీరయ్య అడిగించుకోకుండానే లేచి అతని వెంట వెళ్ళాడు. మల్లీశ్వరి వరండాలో బల్ల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. యల్లమంద, అఫ్రీన్ కాస్త ఎడంగా నిలబడ్డారు.

కొంతసేపటికి కోటయ్య గదిలోంచి బయటికొచ్చాడు. ప్రసన్నలక్ష్మి ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. మల్లీశ్వరిని చూసి ఆగాడు. పక్కన కూర్చుని, ఇన్నేళ్ళుగా ఎందరికో చేసినట్టే ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఏందమ్మా, ఎవరు పోయారు?"

అఫ్రీన్ మొహం పక్కకు తిప్పుకుంది. మల్లీశ్వరి ఆయన కళ్ళలోకి చూసింది. అక్కడ జాలి తప్ప ఇంకేమీ లేదు.

"మా ఆయన సార్."

"అయ్యో. ఏం జబ్బు చేసింది?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. చేతిని మాత్రం వెనక్కి లాక్కోలేదు.

"జొరం సార్," అంది.